దప్పిగడ్డి

జిల్లా కరువు పటం పచ్చగా వచ్చిందని ఆ రోజు మా ల్యాబులో మైసూరుపాకు పంచారు. నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను గానీ మింగుడు పడలేదు. అప్పుడే రాయదుర్గం వైపు నుంచి బస్సు దిగి వచ్చాను. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. శనక్కాయ చెట్టు జానెడు లేచి అక్కడికక్కడే మాడిపోయింది. ఒక్క చేలోనూ మనిషి లేడు. ల్యాబు గోడ మీది తెరలో మాత్రం ఆ ఊళ్ళే నిగనిగలాడుతున్నాయి. వాదించే ఓపిక లేక చేతులు కడుక్కుని నా కుర్చీలో కూలబడ్డాను.

నా పేరు తిప్పేస్వామి. అనంతపురంలో కరువు పరిశీలన ల్యాబులో ఫీల్డు టెక్నీషియన్ని. పేరు ఘనంగానే ఉంటుంది. చేసే పని మాత్రం ఊరూరా తిరిగి పెట్టెల మీద దుమ్ము తుడిచి, ఎలుకలు కొరికిన వైర్లు అతికించి రావడం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ కరువును కొలుస్తూనే ఉన్నాను. కొలిస్తే తగ్గిందా అని మా బావ ఎగతాళి చేస్తుంటాడు. ఆ మాటకు జవాబు చెప్పడం ఎప్పుడో మానుకున్నాను.

ఒకప్పుడు కరువు లెక్క అంటే మండలాఫీసు ఆవరణలో ఉండే వర్షమాపకమే. మండలం మొత్తానికీ అదొక్కటే. మా వైపు వాన రోడ్డుకు ఈ పక్క కురిస్తే ఆ పక్క కురవదు. ఆఫీసు మీద నాలుగు చినుకులు పడ్డాయంటే కాగితం మీద చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ తడిసినట్టే. పోనీ ఉపగ్రహాన్ని అడుగుదామంటే, దానికి పైనుంచి సర్కారు తుమ్మ కూడా పంటలాగే కనబడుతుంది. ఇక పలుకుబడి సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్దల వియ్యంకుల ఊళ్ళు ఏటా కరువు జాబితాలో ఉండేవి, నిజంగా ఎండిన ఊళ్ళు అర్జీలు పట్టుకుని మెట్ల మీద కూర్చునేవి.

దీన్నంతా చూసి చూసి విసిగిపోయిన డాక్టర్ వకుళ మేడం దప్పిగడ్డిని పుట్టించారు. చూడటానికి మామూలు గరికలాగే ఉంటుంది. శనక్కాయ వేరు ఎంత లోతుకు పోతుందో దీని వేరూ అంతే లోతుకు పోతుంది. శనక్కాయకు దాహమైనప్పుడే దీనికీ అవుతుంది. అప్పుడు వేళ్ళలో సన్నటి కరెంటు పుడుతుంది, పక్కన పాతిన పెట్టె దాన్ని చదివి సున్నా నుంచి నూరు లోపు ఒక అంకెగా మార్చి మాకు పంపుతుంది. మేము దాన్ని దప్పి అంకె అంటాం. ఊరికొక మడి. అంకె డెబ్బై దాటి వారం నిలబడితే ఆ ఊరు దానంతటదే కరువు జాబితాలోకి ఎక్కుతుంది. నీళ్ళ ట్యాంకరు వస్తుంది, కూలి పనులు మొదలవుతాయి. ఆ అంకె మీద ఏ మనిషి చెయ్యీ పడకూడదన్నది మేడం స్వయంగా రాసిన నియమం. మడిని కప్పినా, కదిలించినా, అంకె దిద్దినా ఆ ఊరిని లెక్కలోంచి తీసేసి చుట్టుపక్కల ఊళ్ళ అంకెలతో పూడుస్తారు.

మొదట మడులు పొలాల్లోనే వేశాం. మేకలు మేసేశాయి. అందుకని ఊరికొక నమ్మకమైన ఇల్లు చూసి దొడ్లో వేసి, చుట్టూ కంప నాటాం. పెట్టెకు ఒక స్పీకరు కూడా ఉండాలని పైవాళ్ళు పట్టుబట్టారు. మట్టి గోడు రైతుకు వినిపించాలట. దాహం పెరిగేకొద్దీ అది సన్నగా మూలుగుతుంది. ఆ స్పీకర్లు ఊరూరా బిగించింది నేనే.

తెర మీద అన్నింటికంటే పచ్చగా ఉన్న ఊరు సున్నపుదొడ్డి. అంకె ఇరవై కూడా లేదు. అక్కడ మడి ఉన్నది మా అక్క మారెక్క దొడ్లోనే. పెట్టె చెడిపోయి ఉంటుందని, మర్నాడే సంచీ తగిలించుకుని బయల్దేరాను.

*

సున్నపుదొడ్డిలో సగం ఇళ్ళకు తాళాలు. బెంగుళూరు కట్టడాల పనికి పోయారని, లారీ మళ్ళీ వస్తుందని బస్టాపు దగ్గరే ఒకాయన చెప్పాడు. అక్క ఇంట్లో బావ గోవిందప్ప మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఆయన ఒకప్పుడు బెంగుళూరులోనే బండలు పాలిష్ చేసే పనికి పోయి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకుని వచ్చాడు. ఇంకొక్క సారి ఆ దుమ్ములోకి పోతే మనిషి దక్కడని డాక్టరు అక్కకు విడిగా చెప్పాడు. అక్క బావకూ చెప్పింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

కూతురికి పెళ్ళయి ఆదోనిలో ఉంది. ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే. బోరు ఎండింది. పాడి ఎనుమునూ రెండు ఆవులనూ అమ్మేశారు. కూలీలను లారీలో తీసుకుపోయే మేస్త్రీ రోజూ ఫోను చేస్తున్నాడని, నెలాఖరు కరువు జాబితాలో ఊరి పేరు ఉంటే సరే, లేకపోతే లారీ ఎక్కడం ఖాయమని బావ ఎటో చూస్తూ చెప్పాడు. అక్క ఆ మాట విననట్టే చెంబుతో నాకు నీళ్ళిచ్చింది. చెంబు సగమే ఉంది.

“మన ఊరి అంకె యాల పైకి పోదురా?” అని అడిగింది నన్ను. “ఇంత ఎండినాంక ఇంగేమి ఎండల్ల?”

పెట్టె చూస్తానని దొడ్లోకి పోయాను. విప్పి చూస్తే పెట్టెలో దోషమే లేదు. వైర్లు బాగున్నాయి. మడిలో గడ్డి నేను నాటిన రోజు కంటే బలంగా ఉంది. వేలితో గుచ్చితే మట్టి మెత్తగా దిగింది. చుట్టూ నేల నోళ్ళు తెరుచుకుని ఉంటే ఈ రెండు చేతుల మేర మాత్రం తడి ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. పశువుల కొట్టం ఖాళీగా ఉంది. కుడితి గాబు బోర్లించి ఉంది.

అంతలో అక్క బియ్యం కడిగిన నీళ్ళు, పొద్దుటి గంజి, గిన్నెలు తొలిచిన నీళ్ళు కలిపిన కుండ చంకన పెట్టుకుని వచ్చింది. నన్ను పక్కకు జరగమని, కంప సందులోంచి చెయ్యి దూర్చి, ఒక్క చుక్క ఒలక్కుండా ఆ కుడితి అంతా గడ్డి మొదట్లో పోసింది. ఎనుముకు పెట్టేటప్పుడు చేసినట్టే “తాగు, తాగు” అంది.

“ఏం చేస్తాండావక్కా?”

“కుడితి పోస్తాండా. మరి యాడ పోయల్ల? గొడ్లుంటే గొడ్లు తాగుతాండె.”

ఆమెకు అందులో తప్పేం కనబడలేదు. నాకూ చిన్నప్పటి నుంచి తెలిసిందే. మా ఇళ్ళల్లో కుడితిని వీధిలో పారబోయరు. నలుగురి కాళ్ళ కింద పడకూడదంటారు. ప్రాణమున్న దేని నోట్లోనో పడాలి. సొంత గొడ్లు లేనివాళ్ళు పక్కింటి గాబులో పోసి వస్తారు. ఇప్పుడు పక్కింట్లోనూ గొడ్లు లేవు. ఊరంతా చూస్తే దప్పి అని నోరు తెరిచి అడిగేది ఈ గడ్డి ఒక్కటే. పొద్దున మూలుగుతుంది, పోస్తే ఊరుకుంటుంది. మళ్ళీ సాయంత్రానికి అందుకుంటుంది. అందుకని వీధిలో మిగిలిన ఆడవాళ్ళందరూ తమ కుడితి కూడా తెచ్చి ఇక్కడే పోసి పోతున్నారని అక్క చెప్పింది.

గొడ్లున్న ఊళ్ళలో కుడితి గొడ్లకు పోతుంది, గడ్డి ఎండుతుంది. ముందుగా గొడ్లను అమ్ముకున్న ఊళ్ళలో, అంటే బాగా చితికిన ఊళ్ళలో, కుడితి గడ్డికి పోతుంది. మా పటం తలకిందులుగా ఉందన్నమాట. ఎక్కడ పచ్చగా కనబడితే అక్కడే మనుషులు మూటలు కట్టుకుంటున్నారు.

*

వకుళ మేడం నా మాట సగం వినగానే తెర ముందుకు జరిగి, పచ్చగా ఉన్న ఊళ్ళ గీతలు ఒక్కొక్కటీ తెరిచారు. అన్నిటిలోనూ అదే వరస. పొద్దున ఒక చిన్న పల్లం, సాయంత్రం ఒక చిన్న పల్లం. వానైతే ఇలా రోజూ ఒకే వేళకు కురవదు. ఇన్నాళ్ళూ ఆ పల్లాలను మేము ఎండ తగ్గే వేళల ప్రభావమని అనుకున్నాం. మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆమెకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. అలసట తప్ప ఆ మొహంలో ఏమీ కనబడలేదు.

తర్వాత పైనున్న కమిటీకి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. వాళ్ళు మర్యాదగానే విన్నారు. నియమం ప్రకారం కల్తీ అయిన మడులను తీసేసి పక్క ఊళ్ళ అంకెలతో పూడుస్తామన్నారు. పక్క ఊళ్ళలోనూ ఇదే జరుగుతోందని మేడం చెబితే, ఆ సంగతి రుజువు చేస్తూ వచ్చే ఏడాదికి నివేదిక పంపమన్నారు, అందాకా ఏ మడినీ తీసెయ్యకుండా పెట్టెలు చెప్పిన అంకెలే లెక్కన్నారు. పొద్దునా సాయంత్రమూ పల్లాలున్న ఊళ్ళే నిజమైన కరువు ఊళ్ళని, ఆ లెక్కన జాబితా వెయ్యవచ్చని కూడా మేడం అడిగి చూశారు. అది అంకెను చేత్తో దిద్దడం అవుతుందన్నారు.

“వాళ్ళని ఏమనడానికీ లేదు, తిప్పేస్వామీ. అది నా నియమమే. దొంగ చేతులు పడకూడదని రాశాను. ఇవాళ నేనే చెయ్యి పెడతానంటే, రేపు పెట్టేవాళ్ళను ఎలా ఆపను?”

మిగిలింది ఒకటే దారి. గడ్డికి నిజంగా దాహం వెయ్యాలి. ఆ రోజు నుంచి కుడితి ఆపేస్తే వారానికి అంకె డెబ్బై దాటుతుంది, ఇంకో వారం నిలబడితే జాబితా మూసేలోగా ఊళ్ళు ఎక్కుతాయి. మడులు చూసుకునే ఇళ్ళన్నింటికీ నేను ఫోన్లు చేశాను. కొందరు సరేనన్నారు. ఒకామె గడ్డి చస్తే నువ్వే పూచీ అంది. ఇంకొకామె, మీరే తెచ్చి నాటి, మీరే ఎండగట్టమంటారా అని ఫోను పెట్టేసింది. ఆ మాటకు నేను నొచ్చుకోలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

అక్కకు మాత్రం ఫోనులో చెప్పలేక మళ్ళీ బస్సెక్కాను. దగ్గర కూర్చుని విడమరిచి చెప్పాను. నువ్వు పోసే ప్రతి కుండా పైవాళ్ళకు వాన కురిసినట్టు కనబడుతోందని, ఆ కుండల వల్లే ఊరికి ట్యాంకరు రావడం లేదని, జాబితా రాకపోతే బావ లారీ ఎక్కుతాడని చెప్పాను. తన చేత్తో తానే ఇంత పని చేస్తున్నట్టు ఆమెకు కలలో కూడా తెలియదు. వీధిలో ఆడవాళ్ళందరికీ తానే చెబుతానంది. చివరికి మళ్ళీ అదే అడిగింది, కుడితి ఎక్కడ పొయ్యాలని. ఒక డ్రమ్ములో పోసి మూత పెట్టమన్నాను. పులిసి కంపు కొడుతుంది గదా అంది. కొట్టనీ అన్నాను.

*

అంకె ఎక్కడం మొదలైంది. నలభై, యాభై, అరవై. ల్యాబులో కూర్చుని దాహం పెరగాలని దేవుడికి దండం పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. కొన్ని ఊళ్ళు మాట నిలబెట్టుకున్నాయి. కొన్ని జారిపోయాయి. సున్నపుదొడ్డి డెబ్బై దాటిన రోజు బావ తనే ఫోను చేసి, మేస్త్రీకి ఇంకా ఏ మాటా చెప్పలేదని అన్నాడు. ఆయన గొంతులో ఆశ వినడం నాకు కొత్త.

మధ్యలో ఒకసారి చూసి వద్దామని పోయాను. గడ్డి కొసలు పసుపుబారాయి. స్పీకరు మూలుగు వీధి మొదట్లోకే వినబడుతోంది. దూడను తల్లి దగ్గర నుంచి విడదీసి కట్టేసినప్పుడు అరిచే అరుపు అది. ల్యాబులో వింటే పరికరం చప్పుడులా ఉండేది. అక్క ఆ చప్పుడుకు వీపు తిప్పి, గడపలో కూర్చుని ఏదో చెరుగుతోంది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. నిద్ర పట్టడం లేదని బావ చెప్పాడు. స్పీకరు వైరు పీకేస్తానన్నాను. అదొక్కటే నియమానికి అడ్డు రాని పని.

“శబ్దం ఆపితే దాని దప్పి ఆగుతాదా?” అంది అక్క.

వైరు పీకేసే వచ్చాను. ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఇక దిగుల్లేదనుకుని బస్సులో హాయిగా కునుకు తీశాను.

ఒక ఉదయం తెర తెరిచేసరికి సున్నపుదొడ్డి అంకె ముప్పైకి పడిపోయి ఉంది. మేడంకు కూడా చెప్పకుండా బయల్దేరాను. దారంతా కోపం కాగుతూనే ఉంది. అక్క నన్ను చూడగానే లేచి నిలబడింది. బుకాయించలేదు. నిన్న మాపటేల కుండ ఎత్తుకుని డ్రమ్ము దగ్గరికే పోయానని, కాళ్ళు అటే పోయాయని, గడ్డి నోరు లేక ఊరికే చూస్తుంటే చెయ్యి ఆగలేదని, అంతా నెమ్మదిగా చెప్పింది. అరిచినప్పుడు ఓర్చుకుందట గానీ, అరవకుండా ఉంటే ఓర్చుకోలేకపోయిందట.

పుట్టి బుద్ధెరిగి అక్కను ఒక్క మాట అనలేదు నేను. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. ఆ రోజు మాత్రం నోరు నా అదుపులో లేదు.

“నీ పుణ్యం కోసం మొగుణ్ణి సంపుకుంటావాక్కా? గడ్డి బతకల్లా, బావ బతకల్లా?”

బావ లోపలి నుంచి ఊరుకోప్పా అన్నాడు. అక్క లోపలికి పోయి సంగటి పెట్టింది. నేను తినకుండా వచ్చేశాను. లెక్క వేస్తే ఇంకా గడువు ఉంది. ఇంకొక్క కుండ పడకపోతే నెలాఖరుకు సరిగ్గా సరిపోతుంది. పడితే ఇక ఎవరూ చేసేదేం లేదు.

*

రెండు రోజుల తర్వాత మనసాగక ఫోను చేశాను. క్షమించమని అడుగుదామనే చేశాను గానీ ఆ మాట వచ్చేదో లేదో తెలియదు. ఫోను బావ ఎత్తాడు. అక్క లేదన్నాడు. ఎక్కడికి పోయిందంటే చాలాసేపు దగ్గి, లారీ ఎక్కిందన్నాడు. కట్టడాల పనికి బెంగుళూరు పోయింది, ఒక్కతే.

“నేనీడ ఉంటే నా చెయ్యి నిలవదు అనింది. డబ్బులు తెచ్చేది ఎవురైతేనేమి, నేను పోతా, నువ్వు కదలాకు అనింది. ఆడమనిషి ఎట్ల పోతావే అంటే, దుమ్ము నీకు పడదు, నాకు పడతాది అనింది. ఏం జెప్పల్ల సామీ, మాటకు మాట పెట్టింది.”

ఆ పూట ల్యాబులో ఏ పనీ చేతకాలేదు. మేడం వచ్చి పక్కన కూర్చుంటే జరిగింది చెప్పాను. ఆమె అంతా విని, రేపటి నుంచి వచ్చే ఏ పెట్టెకూ స్పీకరు ఉండదన్నారు. అంతకు మించి ఆమె చేతిలోనూ ఏమీ లేదు.

బావ ఇంత సంగటి కెలుక్కుని, కారంతో తిని, ఒక్క గిన్నె తొలుచుకుంటున్నాడు. కుడితి అనేదే లేదు. వీధిలో ఆడవాళ్ళు, మారెక్క పోతూ పోతూ చేతులు పట్టుకుని చెప్పిపోయిందని, ఆ దొడ్డి వైపే రాలేదు. అంకె మళ్ళీ ఎక్కింది. డెబ్బై దాటింది. ఒక్క రోజు కూడా కిందికి దిగలేదు. గీత ఎంత నున్నగా ఉందంటే కమిటీవాళ్ళు మంచి కొలత స్టేషనని మెచ్చుకుంటూ రాశారు.

నెలాఖరు జాబితాలో సున్నపుదొడ్డి ఉంది. ఆ పేరును తెర మీద మూడుసార్లు చదివాను. ఈసారి ఎవరూ స్వీట్లు పంచలేదు. మేడం నా భుజం తట్టి, ఊరికి పోయి రమ్మన్నారు. నేను పోయేసరికి మొదటి ట్యాంకరు వీధిలో నిలబడి ఉంది. బిందెలు బారులు తీరాయి. బావ కూడా బిందె పట్టుకుని వరసలో ఉన్నాడు. నన్ను చూసి నవ్వాలని చూశాడు, దగ్గు వచ్చింది.

నేను పక్కకు పోయి అక్కకు ఫోను చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. ఊరి పేరు వచ్చిందక్కా, ట్యాంకరు వచ్చింది, కూలి పనులు కూడా పెడుతున్నారు, వచ్చెయ్ అన్నాను. ఆ రోజు అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దన్నాను. ఆమె అదేం వినిపించుకోలేదు. బావ దగ్గు ఎట్లుందని అడిగింది. నువ్వు తిన్నావా అని అడిగింది. మేస్త్రీకి మాటిచ్చిందట, ఒప్పుకున్న పని అయ్యేదాకా రావడానికి లేదట. అవతల నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు వినబడుతోంది. స్నానాల వేళకు చేశానేమో అనుకుని, తర్వాత చెయ్యనా అన్నాను.

“కాదురా, పనిలోనే ఉండా.”

“ఏం పనక్కా?”

“సిమెంటుకు నీళ్ళు పోసేది. కొత్త గోడలు నెర్రెలు ఇయ్యకుండా తడపల్లంట. పొద్దున్నుంచి మాపటిదాంకా పైపు పట్టుకోని పోస్తానే ఉంటా.” కాస్త ఆగి, “ఎంత పోసినా ఈడ ఎవురూ తిట్టరు తిప్పా,” అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే భరించేవాణ్ణి. మేస్త్రీ పిలుస్తున్నాడని ఆమే ఫోను పెట్టేసింది. వరస ముందుకు జరిగింది. బావకు బిందె ఎత్తడం చేతకాలేదు. నేను పోయి పట్టుకున్నాను.